మొండి గింజలు

నమోదు 608. పుబ్బ కార్తె.

యంత్రాన్ని తెల్లవారగానే నడిపాను, ఎండ ముదిరేసరికి ఆపేశాను. రెండు డ్రమ్ముల మెరుపునీళ్లు వచ్చాయి. రుచి సరిగ్గానే ఉంది.

రుచి చూడటమేమిటని కొత్తవాళ్లెవరైనా అడగొచ్చు. పులుపు ఎంతుందో చెప్పే, రంగు మారే కాగితాలు అయిపోయి చాలా కాలమైంది. అందుకని ఒక చుక్క నాలుక మీద వేసుకుంటాను. చింతచిగురంత పులుపుంటే విత్తనానికి మంచిది. చింతకాయంత పులుపైతే విత్తనం మాడిపోతుంది. ఇంతకు మించి నాకు తెలిసిన శాస్త్రం లేదు. నీళ్ల మీద రెండు కడ్డీల మధ్య ఊదారంగు మెరుపు ఆడుతూ ఉంటుంది, గదంతా ఉరుముల వాన వెలిశాక వచ్చే వాసన వస్తుంది, కింద నీళ్లు పులుస్తాయి. ఆ నీళ్లలో నానిన గింజ మర్నాటికే మొలకెత్తుతుంది. ఆ నీళ్లే పోస్తే మొక్క పచ్చగా ఎదుగుతుంది. ఏడో గుంతలో ప్రతి ఇంటి సంగటీ ఈ గదిలోనే మొదలవుతుందని నా భర్త బీసన్న చెప్పుకునేవాడు. ఆ మనిషికి గొప్పలు కాస్త ఎక్కువే.

ఈ పుస్తకం ఆయనదే. రోహిణి కార్తెలో ఒకరోజు కడ్డీలు తుడుస్తూ తుడుస్తూ గోడకానుకొని కూర్చుండిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఆయన చివరి నమోదు కింద గీత గీసి నేను మొదలుపెట్టాను. ఆ రోజు కూడా యంత్రం నడిపాను, విత్తనాలు నానాలి కదా. ఏడుపు తర్వాత వస్తుందిలే అనుకున్నాను. ఇంకా రాలేదు.

మధ్యాహ్నం, నిన్న నానబెట్టి కట్టిన విత్తనాల మూటలు విప్పాను. మొలకెత్తిన కొర్రలన్నీ మళ్లకు పంపించాను. మొలకెత్తని మొండి గింజలను ఏరి తిరగలికి పంపించాను. మా అత్తగారి కాలం నుంచీ ఇదే పద్ధతి. మొండి గింజకు రెండో రోజు ఇవ్వం. మా ఊరున్న ఈ పాత నాపరాతి గని అడుగున చోటు తక్కువ, నీళ్లు ఇంకా తక్కువ. తెల్లారేసరికి లేవని గింజ కోసం ఎవరు కాచుకుంటారు? పిండి చేసుకొని తినేస్తాం. ఎవరైనా పోతే మాత్రం ఆ రోజు ఏరినవాటిలో గుప్పెడు తీసి సమాధి మీద చల్లుతాం. మట్టి కింద ఉన్నవాళ్లకు మంచి విత్తనం ఎందుకు?

సాయంత్రం మా వదిన ఉరుకుందమ్మ వచ్చింది. బీసన్నకు అక్క. ఆమె కొడుకు రంగమునికి మా కూతురు జంబులమ్మను ఇస్తున్నాం. తండ్రి పోయిన ఏడాదిలోపే పిల్ల పెళ్లి చెయ్యాలని ఆవిడ పట్టు. సరే అన్నాను.

నమోదు 610.

ఎడమ కడ్డీ విరిగింది. మెరుపు రెండుసార్లు మిణికి ఆగిపోయింది. ఆ వాసన కూడా కాసేపటికి పోయింది.

రంగముని వచ్చి విప్పి చూశాడు. యంత్రం పని బీసన్న దగ్గరే నేర్చుకున్నాడు. పెళ్లికొడుకన్న మాటే గానీ పిల్లవాడికి చేతుల నిండా మసే.

"అత్తా, ఇది అతికేది గాదు. శానా అరిగిపోయింది. పెట్టెలో ఉండేది ఆఖరు జత. దాన్ని సానబట్టి బిగించాలంటే వారం పడ్తాది."

"ఆఖరుదంటే?"

"ఆఖరుదంటే ఆఖరుదే అత్తా. ఇంగ కడ్డీలు పోసేటోళ్లు ఎవురుండారు? ఈ జత పోతే యంత్రం గిన్నెలూ బోకులూ సేసుకునేదానికే పనికొస్తాది."

మొన్నటి నీళ్లు ఒక కుండలో కొంచెం మిగిలి ఉన్నాయి. రోజులు గడిచేకొద్దీ పులుపు తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. మూత పెట్టి, నీడన పెట్టాను. భయం వేయాల్సిన మాటే రంగముని చెప్పింది. నాకు మాత్రం మధ్యాహ్నం కూరేం చెయ్యాలన్న ఆలోచన తప్ప ఇంకేం రాలేదు.

నమోదు 611.

ఈరోజు పాలికలు పెట్టారు.

పాత రోజుల్లో పెళ్లికి తొమ్మిది ధాన్యాలు కలిపి పాలికల్లో పోసేవాళ్లట. మాకు మిగిలినవి ఐదే: కొర్ర, జొన్న, ఉలవ, కంది, నువ్వు. ఐదు మట్టి మూకుళ్లలో మన్ను నింపి, ఒక్కోదాంట్లో ఒక్కో గింజ వేసి, ఐదుగురు ముత్తయిదువలు నీళ్లు పోస్తారు. మొలక పచ్చగా వస్తే కాపురం పచ్చగా ఉంటుందని నమ్మకం. ఆ విత్తనాన్ని పెళ్లికూతురి నాయన చేటలో పెట్టి, తలమీద మోసుకొని రావాలి. మా గుంతలో ఈ ఆచారం ఎంత గట్టిదంటే, కాలు విరిగిన ఒకాయన పాకుతూ తెచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

జంబులమ్మకు నాయన లేడు. అందుకని గుంత పెద్ద, మేస్త్రి దస్తగిరి, ఉమ్మడి గాదె నుంచి విత్తనం తెచ్చాడు. చేటను తలమీద పెట్టుకోకుండా చంకలో ఇరికించుకొని వచ్చాడు. జంబులమ్మ ఆ చేట వంకే చూస్తూ ఉంది.

ఎప్పుడూ పాలికలకు మెరుపునీళ్లే పోస్తాం. కుండలో ఉన్న కొంచెం తేవాలా అని అడిగాను.

"ఎందుకమ్మే? ఉండనియ్ విత్తనాలకు," అంది ఉరుకుందమ్మ. "మా అవ్వ కాలంలో మెరుపునీళ్లు యాడివి? ఉత్తనీళ్లే పోసినారు, ఎకరాలెకరాలు పండించినారు. గింజ అన్నాక మొలుచ్చది."

నిజమే అనిపించింది. గని అడుగు బావిలోంచి తోడిన మామూలు నీళ్లు పోశారు. నేను గోడ పక్కన నిలబడ్డాను. తాళి తీసినదాన్ని, పాలికలు ముట్టకూడదు. ఊరందరి విత్తనానికీ నీళ్లు చేసే దాన్ని నేనే అయినా, కూతురి పాలికకు చెంబు పట్టకూడదు. అక్కడ ఎవరికీ ఇది వింతగా తోచలేదు. నాకూ తోచలేదు.

నమోదు 614.

మొలవలేదు.

మర్నాడు చూశారు, ఏమీ లేదు. ఉత్తనీళ్లు కదా, ఇంకో రోజు చూద్దామన్నారు. ఆ మర్నాడూ లేదు. ఈరోజు ఉరుకుందమ్మ వేలుపెట్టి మన్ను కెలికి ఒక జొన్నగింజ పైకి తీసింది. వేసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఉబ్బను కూడా లేదు. నీళ్ల దగ్గర ఆడవాళ్ల మాటలు నేను వస్తుంటే ఆగిపోతున్నాయి. నేను దాటిపోయాక మళ్లీ మొదలవుతున్నాయి.

వదిన మాత్రం చాటుమాటు మనిషి కాదు. నేరుగా నా గదికే వచ్చింది.

"నీ కూతురు నాకు పరాయిదేం గాదు, మద్దిలేటీ. నా తమ్ముని బిడ్డ. ఎత్తుకోని పెంచినా. అయినా నాకు ఉండేది ఒక్క కొడుకు. ఐదు పాలికలు ఐదూ ఎండిపోయినాక ఆ పిల్లను ఇంట్లోకి ఎట్ల తెచ్చుకోవాల? నువ్వే సెప్పు."

"ఏమో వదినా."

"ఏమో ఏందమ్మే? నీ కడుపున పుట్టిందే గదా. కొట్లాడవేం నాతోన?"

కొట్లాడాలని నాకూ తెలుసు. ఇంకెవరైనా అయితే జుట్టు పట్టుకునేవాళ్లు. మూటల గుడ్డలు తీసి మడతపెట్టసాగాను. ఆవిడ నా మొహంలోకి చూసి, కొంగుతో కళ్లు తుడుచుకొని వెళ్లిపోయింది. ఏడుపులు కూడా ఆవిడకే వస్తున్నాయి.

జంబులమ్మ పాలికలను మా ఇంటి గడప లోపల వరుసగా పెట్టుకొని కూర్చుంది. అన్నం తినమంటే తిన్నది. నిద్రపొమ్మంటే పడుకుంది. నా పోలికే వచ్చిందని మొదటిసారి భయమనిపించింది. భయమంటే పెద్దదేం కాదు, అరికాల్లో ముల్లంత.

నమోదు 615.

యంత్రం లేనందున చేసే పనేమీ లేదు. చేతులు ఊరికే ఉండలేవు. గాదె నుంచి కొర్రలు తెచ్చి రెండు కుప్పలు చేశాను. ఒక కుప్పను కుండలో మిగిలిన మెరుపునీళ్లలో నానబెట్టాను. రెండో దాన్ని బావినీళ్లలో. రెంటినీ రెండు గుడ్డల్లో కట్టి, ఒకే వాసానికి వేలాడదీశాను.

దీంతో ఏం తేల్చుకోవాలనుకున్నానో నాకే సరిగ్గా తెలియదు.

నమోదు 616.

మెరుపునీళ్ల మూట విప్పగానే తెల్లని వేళ్లు గుడ్డకు అంటుకొని వచ్చాయి. బావినీళ్ల మూటలో ఒక్క గింజా లేవలేదు. అరచేతిలో పోసుకుంటే ఇసుకలాగా జారాయి. అనుమానం తీరక వాటిలో కొన్నింటిని తీసి మెరుపునీళ్లలో వేశాను. సాయంత్రానికి ఉబ్బాయి. అంటే గింజ చచ్చిపోలేదు. ఉత్తనీళ్లను పలకరించడం మాత్రం మానేసింది.

అప్పుడు అర్థమైంది. మా అత్తగారి కాలం నుంచి ఏం చేస్తున్నాం? మెరుపునీళ్లకు మర్నాడే లేచిన గింజనే నాటాం. దాని పంటలో మళ్లీ మర్నాడే లేచినదాన్నే నాటాం. తన పాటికి తాను, తీరిగ్గా, ఏ నీళ్లకైనా లేచే గింజ ఒకటుంటే దాన్ని మొండిదని తిరగలిలో పోశాం. ఏళ్ల తరబడి ఇట్లా ఏరి ఏరి, ఈ యంత్రం లేకపోతే కళ్లు తెరవని విత్తనాన్ని మా చేతులతోనే తయారు చేసుకున్నాం. ఆ యంత్రానికి ఇక ఆఖరు జత కడ్డీలున్నాయి.

కాబట్టి మా పిల్లది దోషం కాదు. ఊరికి ఈ మాట చెబితే ఆమె మీద నింద పోతుంది. అయితే దానికన్నా పెద్ద పిడుగు ఊరి నెత్తిన పడుతుంది.

రెండు మూటలూ తీసుకొని దస్తగిరి మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన గింజలను చాలాసేపు వేళ్లతో నలుపుతూ కూర్చున్నాడు.

"ఎవురికన్న సెప్పినావా మ్మా?"

"లేదు మేస్త్రన్నా."

"సెప్పాకు. ఆరో గుంతలో ఏమైందో నీకు తెల్సు గదా. బావి ఎండుతాదని ఎవురో ఒక మాటన్నారు. జనం మూటలు కట్టుకోని, పిల్లల్ని ఎత్తుకోని, ఎండలో పడి నడ్సినారు. బావి ఎండలేదు. నడ్సినోళ్లే ఎండిపోయినారు."

"మరి మా పిల్ల?"

"కడ్డీ బిగించనీ. యంత్రం నడిస్తే మళ్లీ పాలికలు పెడ్దాం, మెరుపునీళ్లు పోద్దాం. మొలుస్తాయి. అందరూ మర్సిపోతారు. అంతవరకు కొంచెం ఓర్సుకోమను."

"యంత్రం ఆగిపోయినాక?"

ఆయన చేతిలోని గింజలు నా గుడ్డలోకి వంచేశాడు. చెడ్డవాడు కాదు. ఆరో గుంత దారిలో ఇద్దరు తమ్ముళ్లను పోగొట్టుకున్నాడు.

సరే అని వచ్చేశాను. సరే అనడం ఈమధ్య నాకు బాగా అలవాటైంది.

నమోదు 617.

జంబులమ్మకు చెప్పాను. దాచే ఓపిక కూడా లేకపోయింది. అన్నీ విని, మూటలు రెండూ తన చేతులతో విప్పి చూసుకుంది. అప్పుడే రంగముని వచ్చాడు. కడ్డీలు బిగించాడట, యంత్రం నడుస్తుందట. ఎన్నాళ్లు నడుస్తుందో మాత్రం ఆ దేవుడికే తెలియాలన్నాడు. చెంబు నిండా మెరుపునీళ్లు తెచ్చాడు. ఇంకా ఆ వాసన వస్తూనే ఉంది.

"పాలికల్లో పోయి జంబూ. రేపటికి పచ్చగా వస్తాయి. మాయమ్మ నోరు మూతపడ్తాది. ఎవురికీ తెల్దు."

జంబులమ్మ చెంబు అందుకుంది. పోస్తుందనే అనుకున్నాను. పోస్తే బాగుండునని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. చెంబును తీసి గూట్లో పెట్టింది.

"ఇవి పోస్తే నా పెండ్లి మొలుచ్చది బావా. ఆ కడ్డీలు కూడా అరిగినాక మన పిల్లోళ్లు ఏం తింటారు?"

"అప్పటి సంగతి అప్పుడు."

"మేస్త్రి మామ అట్లనే అన్నాడంట. మీరందరూ అప్పుడు అప్పుడు అంటాండారు. నా మీద మాట ఇప్పుడే పడింది గదా." ఆపి నావైపు తిరిగింది. "అమ్మా, నువ్వు సెప్తావా అందరికీ, నన్ను సెప్పమంటావా?"

"మేస్త్రికి మాటిచ్చినా..."

"నాయన పోయినప్పుడు నువ్వు ఏడ్సలేదు. నన్ను ఊరంతా అంటాంటే నీకు కోపం రాలేదు. ఇంగ ఎప్పుడొస్తాదమ్మా నీకు? నేను పోయినాకనా?"

రంగముని తల దించుకొని బయటికి వెళ్లిపోయాడు. నేను పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. తోసేసింది. ఏళ్ల తరబడి కరెంటు తగిలి తగిలి నా వేలికొసలకు స్పర్శ తక్కువ, అయినా ఆ తోపు తెలిసింది. చాలాసేపు తెలుస్తూనే ఉంది.

నమోదు 618. ఉత్తర కార్తె.

చెప్పేశాను.

గని నడిమధ్య బండ మీద, సంగటి వేళకు అందరూ కూడినప్పుడు, రెండు గుడ్డలు పరిచి విప్పాను. ఇవి గాదెలోని కొర్రలే, రెండూ ఒక్కసారే తీసినవి. దీనికి మెరుపునీళ్లు, దీనికి బావినీళ్లు. పాలికలకు పోసింది బావినీళ్లు. పిల్లకు దోషం లేదు. దోషం మన విత్తనానిది, విత్తనాన్ని అట్లా చేసిన మన చేతులది. ఆఖరు జత కడ్డీల సంగతి కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ జంబులమ్మ నా పక్కనే నిలబడింది.

దస్తగిరి మేస్త్రి లేచాడు. నన్ను తిడతాడనుకున్నాను.

"నిజమే," అన్నాడు. "నేనే సెప్పొద్దన్నా. నన్ను తిట్టండి. మూటలు మాత్రం కట్టాకండి."

ఎవరూ తిట్టలేదు. ఎవరూ లేవలేదు. చంటిపిల్ల ఒకటి ఏడుస్తుంటే తల్లి దాని నోట్లో సంగటి పెట్టింది. మొండి గింజలన్నీ ఆ సంగటిలోకే పోయాయని అందరికీ ఒకేసారి తోచినట్టుంది.

"మొండి గింజలు ఏమన్నా మిగిలినాయా?" అని ఎవరో అడిగారు. తిరగలి దగ్గరి నుంచి బుట్ట తెప్పించారు. పిండి తప్ప ఏమీ లేదు. బుట్ట అడుగున, తిరగలి సందుల్లో, పొయ్యిల దగ్గర, చీపుళ్లతో ఊడ్చి మరీ వెతికారు. నలిగిన నూకలు దొరికాయి. రోజూ పొట్టనిండా తిన్నదాన్ని ఇప్పుడు నేలమీద వెతుక్కుంటున్నాం.

అప్పటిదాకా ఒక పక్కన ముడుచుకొని కూర్చున్న ఉరుకుందమ్మ ఉన్నట్టుండి తల ఎత్తింది.

"బీసన్న మీద నేనే సల్లినా," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నా తమ్ముని మీద. మట్టి కప్పినాక మొండి గింజలు నేనే సల్లినా, గుప్పెడు. ఆరుద్రలో ఉరుముల వాన పడింది గదా ఒకటి. ఎవురన్న పోయి సూసినారా పైకి?"

ఎవరూ చూడలేదు. మా శ్మశానం పైన, గని తవ్వినప్పుడు పారబోసిన రాళ్ల దిబ్బ మీద ఉంది. మట్టి కప్పాక వెనక్కి చూడకుండా దిగిరావాలి, ఊరికే మళ్లీ ఎక్కకూడదు. ఆచారం ఉన్నా లేకున్నా ఆ ఎండలో ఎక్కేవాళ్లూ లేరు.

"పాడె మోసేటప్పుడు గడ్డి లాంటిది కాళ్లకు తగిలింది," అన్నాడు మేస్త్రి మెల్లగా. "పాత సమాధుల మింద. గడ్డే గదా అనుకున్యా."

గుంత అడుగున వరుస మళ్లలో తప్ప కొర్రను ఎక్కడా చూడని కళ్లు మావి. ఆయన్ని అనడానికేం లేదు.

నమోదు 619.

తెల్లవారుతుండగా ఎక్కాం. నేను, జంబులమ్మ, ఉరుకుందమ్మ, రంగముని, మేస్త్రి. మెట్ల మీది మొరం జారుతూ ఉంది. వదినకు మోకాళ్ల నొప్పులు, సగం దారిలో కూర్చుండిపోయింది. మోసుకొస్తానని కొడుకు వంగితే నెత్తిన ఒకటి మొట్టి మళ్లీ లేచింది.

పైన గాలి అప్పుడే వెచ్చగా ఉంది. పెళ్లలు పెళ్లలుగా నాపరాళ్లు, వాటి కింద మావాళ్లు. మొదటి సమాధి ఉరుకుందమ్మ అత్తగారిది. బతికున్నప్పుడు ఎవరికీ గుప్పెడు గింజ పెట్టని మనిషి. ఆవిడ తలవైపు బండ సందులోంచి ఉలవ తీగ పాకి, రాయి మీదంతా కాయలు ఎండి ఉన్నాయి. ఉరుకుందమ్మ చూసి, ఆ స్థితిలో కూడా నవ్వింది.

"సచ్చినాక దానం సేస్తాండాది మహాతల్లి."

ఆ పక్కన ఒక కందిచెట్టు, ఎన్నేళ్లదో, మాను కట్టింది. ఇంకో చోట నువ్వుకాయలు నోళ్లు తెరిచి ఉన్నాయి. జొన్న ఒకే ఒక్క కంకి, పిడికిలంత. ఎవరూ నానబెట్టలేదు, ఎవరూ ఏరలేదు. ఒక వానకు కొన్ని, మరో ఏటి వానకు కొన్ని, వీలున్నప్పుడు లేచాయి.

బీసన్నది చివర్న ఉంది. తలవైపు గుర్తుగా రంగముని పాతిన అరిగిన కడ్డీ వంగి ఉంది. దాని చుట్టూ, రాళ్ల మధ్య మట్టి ఉన్న ప్రతి సందులోంచీ కొర్ర. మళ్లలో దానంత ఏపుగా లేదు. మోకాలెత్తు కూడా లేదు, ఆకులు సగం ఎండాయి. కానీ ప్రతి మొక్కకూ కంకి ఉంది, ప్రతి కంకీ బరువుకు తల వాల్చి ఉంది.

నేను కూర్చున్నాను. ఒక కంకిని అరచేతిలోకి తీసుకున్నాను. గింజలు వేలికొసలకు గరగరా తగిలాయి. ఈ మనిషి మీద మంచి విత్తనం ఎందుకని, ఆ రోజు మూట విప్పి మొండి గింజలు ఏరి ఇచ్చింది నేనే. ఇచ్చి మళ్లీ యంత్రం దగ్గరికి వెళ్లిపోయాను. నేను రాలేదు, చూడలేదు, ఒక్క చెంబు నీళ్లు పొయ్యలేదు. అయినా వచ్చాయి.

అప్పుడు ఏడుపొచ్చింది. మర్యాదగా వచ్చే ఏడుపు కాదు. గొంతు చించుకొని, ముక్కు కారి, రాళ్లను చేతులతో కొడుతూ ఏడ్చాను. తిట్టాను కూడా. చెప్పకుండా పోయినందుకు, పుస్తకం నా నెత్తిన పెట్టినందుకు, గొప్పలు చెప్పడానికి మనిషి లేకుండా చేసినందుకు. జంబులమ్మ వెనకనుంచి వచ్చి నన్ను పట్టుకుంది. ఈసారి తొయ్యలేదు. ఎంతసేపు అట్లా ఉన్నామో తెలియదు. ఎండ వీపు మీదికి వచ్చింది.

"శ్మశానంలోది పెండ్లికి పనికొస్తాదా?" అని మేస్త్రి సందేహంగా అడిగాడు. విత్తనానికి సరేగానీ పాలికలకు ఎట్లా అని ఆయన బాధ.

ఉరుకుందమ్మ అప్పటికే కొంగు పరిచి కంకులు కోస్తూ ఉంది. తలెత్తకుండానే చెప్పింది.

"పాలికల విత్తనం ఎవురు తేవాల మేస్త్రీ? పిల్ల నాయన తేవాల. నా తమ్ముడు తెచ్చినాడు. గమ్మున కొయ్యి."

సగం కంకులే కోశాం. మిగతా సగం అక్కడే వదిలేశాం, రాలాల్సినవి రాలనీ అని. అదీ వదినే చెప్పింది.

నమోదు 620.

కొర్ర, జొన్న, ఉలవ, కంది, నువ్వు మళ్లీ పాలికల్లో పడ్డాయి. చేట జంబులమ్మే తన తలమీద మోసుకొచ్చింది. ముత్తయిదువలు వరుసగా నీళ్లు పోశారు. నేను నా గోడ దగ్గరే నిలబడ్డాను. ఉరుకుందమ్మ వచ్చి చెంబు నా చేతిలో కుక్కింది.

"నేనెట్ల వదినా..."

"ఎట్ల ఏంది? మొండి గింజలు ఏరిచ్చింది నువ్వే గదా. పొయ్యి."

పోశాను. ఎవరో ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. తిప్పుకోనీ.

బావినీళ్లే. మొలకలు వచ్చేదాకా పెళ్లి లేదని నిర్ణయం. ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. తొందరపడే గింజలు కావు కదా.

నమోదు 623.

యంత్రం నడిపాను. గాదెలోని పాత విత్తనానికి దాని అవసరం ఇంకా ఉంది. కడ్డీలు అరిగేలోపు ఎన్ని పంటలు తీయగలిగితే అన్ని. మొండి గింజలు తిరగలికి పంపడం ఆపేశాం. ఏరినవన్నీ ఒక పక్క మడిలో ఉత్తనీళ్లు పోసి వదిలేస్తున్నాం. ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

పాలికల్లోనూ ఏమీ లేదు. జంబులమ్మ రోజూ పొద్దున్నే తొంగి చూసి, లేచి పనికి పోతోంది. రంగముని ఏదో వంకతో పూటపూటకూ వచ్చి చూస్తున్నాడు. నిన్న వాళ్లమ్మ తరిమేసింది. మెరుపునీళ్ల చెంబు మా గూట్లో అట్లాగే ఉంది. దాంట్లో పులుపు ఎప్పుడో పోయి ఉంటుంది. ఒక్కోసారి నా చెయ్యే అటు పోబోతుంది. రాకపోతే ఏమిటన్న భయం ఈసారి అరికాల్లో ముల్లంత కాదు, గుండెల నిండా ఉంది. రాత్రి అన్నం సహించలేదు.

నమోదు 631. హస్త కార్తె.

పొద్దున జంబులమ్మ అరుపు వినిపించి, ఎవరికో ఏదో అయిందనుకొని పరిగెత్తాను. గడపలో తట్టుకొని పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. పిల్ల పాలికల ముందు బోర్లా పడుకొని, గడ్డం నేలకానించి చూస్తోంది. నేనూ పక్కన పడుకున్నాను. మన్ను కొంచెం పగిలి ఉంది. పగులులో దారమంత పచ్చన.

యంత్రం నడపలేదు. నీళ్లు మామూలువే. కొర్ర మొలిచింది.